చర్ల రోడ్డులో చిలకమ్మ కోసం

భద్రాచలం వెళ్ళేవాళ్ళు రాముడి కోసం వెళ్తారు. నేను మా అమ్మతో పోట్లాడి, ఓడిపోయి వెళ్ళాను.

అమ్మ మంచం పట్టి కొన్ని నెలలైంది. ఇంక చేసేదేమీ లేదు, ఇంట్లోనే ఉంచుకోండని డాక్టరు పంపేశాడు. ఖమ్మంలో మా ఇంటికి తెచ్చుకున్నాను. మొన్నటి నుంచి ఆమెకు ఒకటే పట్టు.

"చిలకమ్మను పిలిపించు. నా ఆఖరు స్నానం అదే పోయాలె."

చిలకమ్మ ఎవరో ముందే చెప్పాలి. అమ్మ పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇత్తడి గంగాళాలు, పాడి ఆవులు ఇచ్చారు. వాటితోపాటు ఒక పిల్లను కూడా ఇచ్చారు. నైజాం రాజ్యంలో మా బోటి దొరల ఇళ్ళలో అది రివాజు. అట్లా వచ్చిన పిల్లను ఆడబాప అనేవాళ్ళు. పెళ్ళికూతురి వెంట అత్తింటికి వచ్చి, ఆమె తల దువ్వి, కాళ్ళు పిసికి, ఆమె పిల్లలను పెంచి, చివరకు ఆమె శవానికి నీళ్ళు పోసేదాకా ఆడబాప పని. జీతం ఉండదు, పెళ్ళి ఉండదు, తల్లిగారింటికి పోవడం ఉండదు. మొగుడు ఉండడు గాని, ఇంట్లో మగవాళ్ళు ఉంటారు. అంతకంటే వివరంగా చెప్పను.

మన నవాబు ఇండియాలో కలవను, నా రాజ్యం నాదేనని మొండికేసిన ఏడాది, ఒకవైపు ఆయన మనుషులు, ఇంకోవైపు దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్ళు తుపాకులు పట్టుకుని తిరుగుతున్న రోజుల్లో, చిలకమ్మ మా గడి, కోటలాంటి మా ఇల్లు, వదిలి పోయింది. అప్పటికి నేను రెండో తరగతి. ముప్పై అయిదేళ్ళుగా ఆమె జాడ లేదు. మొన్న మస్తాన్ భాయ్ వచ్చి చర్ల సంతలో చూశానన్నాడు. మస్తాన్ భాయ్ సంతలు తిరిగి చీరలు అమ్ముతాడు. చిన్నప్పుడు తండ్రి వెంట బట్టల మూటతో మా గడికి వచ్చేవాడు కాబట్టి ఆమెను ఎరుగును. చూసినవాడు ఊరుకోవచ్చు గదా. వచ్చి అమ్మ చెవిన వేశాడు.

"అది కోరిక కాదమ్మా, వెట్టి" అన్నాను.

"నీ కాలేజీ ముచ్చట్లు నాకొద్దు."

"పారిపోయిన మనిషిని శవం కడగడానికి రమ్మంటవా? ఏ మొకం పెట్టుకుని అడగాలె నేను?"

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే అంది: "నా ఒంటి మీద ఏడ ఏ మచ్చున్నదో దానికే ఎరుక. నీకెరుకనా?"

కన్నకూతుర్ని. నాకు తెలియదు. అట్లా ఓడిపోయాను.

పొద్దున ఆరు గంటల బస్సెక్కాను. వెళ్ళేవాళ్ళకు ఒక మాట: రైలుకు ఆశపడకండి. భద్రాచలం రోడ్ అని స్టేషన్ పేరు చూసి, దిగితే గుడి గంట వినిపిస్తుందనుకుంటారు. అది కొత్తగూడెం. అక్కడ దిగి మళ్ళీ బస్సే ఎక్కాలి. ఆ బస్సేదో ఖమ్మంలోనే ఎక్కితే కూర్చోవడానికి సీటైనా దొరుకుతుంది.

సంచిలో పరీక్ష పేపర్ల కట్ట పెట్టుకున్నాను. నేను చరిత్ర చెప్తాను. ఈ ఏడు అమెరికా అంతర్యుద్ధం ప్రశ్న వచ్చింది. బానిసలను వదలం, అవసరమైతే దేశం నుంచే విడిపోతామని దక్షిణాది రాష్ట్రాలు విడిపోవడం, యుద్ధం, ఓటమి. ఒక అమ్మాయి చివర 'తదుపరి బానిసలు సుఖముగా జీవించిరి' అని రాసింది. ఆ వాక్యం కింద ఎర్రగీత గీస్తుంటే బస్సు గుంతలో పడి, గీత పేజీ దాటిపోయింది.

పక్కన పెనుబల్లి నుంచి వచ్చిన ఒకావిడ. కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం. ఒడిలో టిఫిను క్యారేజీ.

"ఫెయిల్ చేశారాండీ పాపం?"

"ఇంకా లేదు."

"ఆడపిల్లైతే చేయకండి. పెళ్ళి ఆగిపోద్ది."

"పెళ్ళి ఆగాలంటే అయిదు మార్కులు చాలా అండీ? నాకు తెలియక ఎందరిని పాస్ చేశానో" అన్నాను. ఆవిడ నవ్వలేదు. క్యారేజీ ఒడిలోనే అటు పక్కకు జరుపుకుంది.

వెనక సీటులో పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీకి డ్యూటీకి పోతున్న మనిషి. మెడ ముందుకు చాచి పేపరు చదివి, "ఏం యుద్ధం మేడం ఇది?" అన్నాడు. చెప్పాను.

"ఎవలు గెలిచిండ్రు?"

"యూనియన్ సైన్యం."

"మనతాన గూడ యూనియన్ మిలిటరే గదా వచ్చింది నవాబు మీదికి. వచ్చినంక గూడ మా నాయిన దొర దగ్గర జీతమే చేసిండు."

"అక్కడా అంతే. యుద్ధం అయినంక పాత దొరలే మళ్ళా భూముల మీద కూర్చున్నరు. బానిస అనే మాట తీసేసి పాలికాపు అన్నరు."

"అవ్‌నా" అని వెనక్కి ఆనుకున్నాడు. "అమెరికాల గూడ గిట్లనేనంటే జరంత మనసు నిమ్మళమైంది."

మా నాన్న గురించి అతనికి చెప్పలేదు. గొడవలు ముదిరినప్పుడు మా నాన్న అందరినీ తీసుకుని హైదరాబాదు పోయాడు. యూనియన్ మిలిటరీ లారీ వెనకాల తిరిగొచ్చాడు. వెళ్ళేటప్పుడు షేర్వాణీ, వచ్చేటప్పుడు ఖద్దరు. ఊళ్ళో వెట్టి పోయిందని ఆయనే మైకులో చెప్పాడు. మర్నాడు పొద్దున్నే వాకిలి ఊడవడానికి పాతవాళ్ళే వచ్చారు.

పాల్వంచలో బస్సు సగం ఖాళీ అయింది. పొగగొట్టాల బూడిద కిటికీ చువ్వల మీద, నా పేపర్ల మీద పడింది. అక్కడి నుంచి అడవి మొదలవుతుంది గాని, రోడ్డు పక్క అడవి అంటే టేకు మోళ్ళు, వెదురు లారీలే.

వంతెన దగ్గరికి వచ్చేసరికి ఎండ ముదిరింది. గోదావరి సగం ఇసుక. ఈ వంతెన నా పెళ్ళినాటికి లేదు, పడవలుండేవి. అంతకు ముందు ఇటు ఒడ్డు నవాబుది, అటు ఒడ్డు తెల్లవాళ్ళది, ఆ తర్వాత ఇండియాది. అమెరికాలో ఒహాయో నది దాటితే బానిసకు యజమాని బెడద తీరినట్టేనని ఏటా బోర్డు మీద నది గీసి చెప్తాను. మా ఇంటి మనిషి దాటిన నది ఇదన్నమాట. ఎప్పుడూ ఆ బోర్డు మీదికి రాలేదు. కళ్ళు మండుతుంటే కిటికీ రెక్క దించాను.

భద్రాచలంలో సత్రం గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "ఒక్కరేనా? కల్యాణానికి ఇంకా చాలా రోజులున్నాయి గదమ్మా" అన్నాడు.

"నేను పెళ్ళి పెద్దను కాను. గది ఉందా, లేదా?"

ఉంది. గోడ మీద నా తల కంటే ఎత్తున వరద మరక ఉంది. దిగేవాళ్ళు మేడ మీద గది అడగండి. కింద గదులకు ఎండాకాలంలో కూడా తడి వాసన. బస్టాండు ఎదురు హోటల్లో భోజనం ఫరవాలేదు, పెరుగు మాత్రం ముందే అడిగి పెట్టించుకోవాలి. సాయంత్రం గుడికి వెళ్ళి దండం పెట్టుకుని, క్యూలో ఒకాయన నా కాలు తొక్కితే ఆయనతో తగాదా పడి వచ్చేశాను.

మర్నాడు చర్ల బస్సు. మస్తాన్ భాయ్ గుర్తులు చెప్పాడు: దుమ్ముగూడెం దాటినంక వాగు కాడ దిగాలె, వాగు పొంటి పోతే ఒక గుంపు వస్తది, చివర రెండు ఇప్పచెట్ల నడుమ ఇల్లు. గుంపు అంటే కోయవాళ్ళ చిన్న పల్లె.

వాగు దగ్గర దిగి, టీ కొట్టతన్ని చిలకమ్మ ఇల్లెక్కడని అడిగాను.

"చిలకమ్మ ఎవలు లేరమ్మా ఈడ. చిలకలైతే మస్తుగున్నయ్, జామచెట్టు మీద సూడుండ్రి."

సైకిల్ మీద పోతున్న ఫారెస్టు గార్డును అడిగాను. లేదన్నాడు. కట్టెల మోపుతో వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళను అడిగాను. వాళ్ళు కోయభాషలో ఏదో అనుకుని, తల అడ్డంగా ఊపారు. మస్తాన్ భాయ్ ఎవరినో చూసి ఎవరో అనుకున్నాడని నిశ్చయమైపోయింది. నిజం చెప్పొద్దూ, కొంత హాయిగా కూడా అనిపించింది. లేదట అని అమ్మకు చెప్పవచ్చు. అయినా ఇంత దూరం వచ్చానని వాగు వెంట నడిచాను.

రెండు ఇప్పచెట్లు ఉన్నాయి. వాటి కింద ఒక ముసలామె చాప మీద ఇప్పపువ్వు ఆరబోస్తోంది. తలెత్తి, నేను వాకిట్లోకి వచ్చేదాకా చూసింది.

"చిలకమ్మ అనే ఆమె ఇక్కడ ఉంటుందా?"

"ఎవలు జెప్పిండ్రు?"

"ఖమ్మం నుంచి చీరలమ్మే మస్తాన్ భాయ్."

"ఆ పేరుగల్ల మనిషి లేదు బిడ్డా. ఎండల వచ్చినవ్, కాళ్ళు కడుక్కో."

నాకు నిలబడే ఓపిక లేదు. కోడలు కాబోలు, ఒకమ్మాయి నీళ్ళిచ్చింది. ఆ తర్వాత అడగకుండానే అన్నం పెట్టారు, చింతచిగురు పప్పుతో. ముసలామె గడప మీద కూర్చుని నేను తినడం చూసింది. తిన్నాను, చెయ్యి కడుక్కున్నాను, కొంగుకు తుడుచుకున్నాను. తిరుగు బస్సు ఎప్పుడని అడగబోయాను.

"కొంగుకు తుడుస్తున్నవ్" అంది ముసలామె. "గింత సదువు సదివి గూడ. తువ్వాల ఉన్నది గదనే, పట్టులంగ ఖరాబైతదే అని ఎన్నిమార్లు మొత్తుకున్న నీతోని."

కొంగు నా చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వు చిలకమ్మవే."

"కాదు. నర్సమ్మను."

చదివేవాళ్ళకు ఇది మామూలు పేరే. మా ఇంట్లో కాదు. నర్సమ్మ మా నాయనమ్మ పేరు. మా వైపు కోడలు అత్త పేరు పలకదు. అత్త పోయినా పలకదు. రేషన్ షాపులో నర్సమ్మ అని ఎవరినైనా పిలిస్తే, అమ్మ ఇంటికొచ్చి 'మా అత్తగారి పేరామె' అని చెప్పేది. నా చిన్నప్పుడు ఆ పేరు గల మనిషి ఇంకెవరూ మా గడిలో లేరు. ఎందుకు లేరో నాకు తట్టలేదు.

"పెండ్లిల నన్ను ముంగట నిలబెట్టి మీ నాయినమ్మ పేరడిగింది. నర్సమ్మ అన్న. అందరు గమ్మునయిండ్రు. దాసిదానికి దొరసాని పేరుంటే రేపు కోడలు ఎట్ల పిలుస్తది, ఎట్ల తిడ్తది? అర్రల పంజరంల చిలుక ఒర్లుతుండె. చిలకమ్మ అనుండ్రి అన్నది. అయిపాయె." ఇప్పపువ్వులో పుల్లలు ఏరుతూ చెప్పింది. "మస్తాను సంతల ఎనుక నుంచి చిలకమ్మా, చిలకమ్మా అని ఒకటే పిలుసుడు. నేను మలుసుకోలె. ఆఖరికి ముంగటికొచ్చి నిలబడ్డడు."

ఆ తర్వాత ఆమె అడగకపోయినా వచ్చిన పని చెప్పాను. చెప్తుంటే నా నోరే నాకు పరాయిదిగా ఉంది.

"ఎట్లున్నది సీత?" అంది.

అమ్మ పేరు సీత అని నాకు తెలుసు. నాన్న ఆమెను ఏమే అనేవాడు, ఊరు దొరసాని అనేది. సీత అని ఒక మనిషి అనగా నేను వినడం అదే మొదలు.

"పండుకునే ఉంటది. అన్నం సయించదు. నిన్నే తల్సుకుంటది."

"నడుముల నొప్పి ఉంటుండె. ఎడమ దిక్కు."

"ఇప్పుడూ ఉంది."

"ఆముదం కాసి రాయాలె. ఒట్టిగ రాస్తే లాభం లేదు."

పోయిన రోజుల గురించి నేనే అడిగాను. బూర్గంపాడు దాకా రాత్రిళ్ళు నడిచి, వెదురు తెప్ప మీద గోదావరి దాటిందట. తెప్ప నడిపిన మనిషినే చేసుకుంది. యూనియన్ మిలిటరీ వచ్చాక అతను తల్లిని చూడడానికి ఆ ఒడ్డుకు పోతే, సంఘంవాళ్ళకు అన్నం పెట్టకుండా అడవిలోవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టిన కంచెలో అతన్నీ పెట్టారు. ఏడాదికి తిరిగొచ్చాడు, దగ్గుతో. ఆ దగ్గుతోనే పోయాడు. కొడుకు అడవిలో వెదురు నరికే కూపుకు పోతాడు.

"మొన్న ఒక ఆఫీసరొచ్చిండు జీపుల" అంది. "వెట్టిల ఎవలన్న ఉంటే ఇడిపిస్తం, సర్కారు చట్టం చేసింది అన్నడు. జర ఆలిశమైంది నాయినా, చాయ్ తాగిపో అన్న."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నవ్వు అయిపోయాక నా మొహం వైపు చూడకుండా అంది: "నువ్వు పుట్టిన నెలల్నే నాకొక పిల్ల పుట్టి పోయింది. ఎవలి పిల్లనో అడగకు. పాలు నీకిచ్చిన. సీత నా పక్కన కూసుండి నాతోని ఏడ్సింది. దానికి దుఃఖం లేదని నేననను. ఏడ్సి లేసినంక, చిలకమ్మా కాళ్ళు పిసుకు అన్నది."

కాలేజీలో నా నోటికి భయపడి ప్రిన్సిపాలు గదిలోంచి బయటికి రాడు. అక్కడ నేను కూడా వంగి ఇప్పపువ్వులో పుల్లలు ఏరాను. అడగక తప్పదు గనక అడిగాను: "వస్తవా?"

"ఎవల్ని రమ్మన్నది?"

"నిన్నే."

"చిలకమ్మను రమ్మన్నది. చిలకమ్మ లేదని గడప తొక్కంగనే జెప్పిన గద."

"చావుబతుకుల మధ్య ఉన్న మనిషితోని పంతమా, నర్సమ్మా?"

నేను ఆ పేరు పలకగానే ఆమె పుల్లలు ఏరడం ఆపింది. మళ్ళీ ఏరింది.

"పంతమేంది. ఈ గుంపుల ఎవలు పోయినా నీళ్ళు పోసేది నేనే. మనిషికి మనిషి జేసే పని అది. సీతకు జెయ్యనా? నర్సమ్మా రా అని కబురు జేస్తే, తెల్లారే బస్సెక్కుత. చిలకమ్మ అంటే ఎక్క."

"ఆమె అనదు. తన అత్త పేరు..."

"తెలుసు. ఆమె అత్త పేరే. నా పేరు గూడ అదే."

బస్సు దాకా కోడలు వచ్చి దిగబెట్టింది. దారిలో ఏదో అడిగింది, నాకు ఆ భాష రాదు. ఊఁ అన్నాను.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చర్ల బస్సు ఆలస్యం. భద్రాచలంలో సీటు లేదు. పాల్వంచలో డ్యూటీ దిగినవాళ్ళు ఎక్కారు, నిలబడే చోటు కూడా పోయింది. ఒకతను నా భుజం మీద తలపెట్టి నిలబడే నిద్రపోయాడు. ఇంకోరోజైతే లేపి నాలుగు తిట్టేదాన్ని. పోనీలే అనుకున్నాను. ఆ దారిలో వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే: నది దాటడం తేలికే, ఇప్పుడు వంతెన కూడా ఉంది. ఇవతల ఒడ్డున మిగిలిపోయినవాళ్ళం మాత్రం, నవాబు పోయినా, మిలిటరీ వచ్చి పోయినా, చట్టాలు వచ్చినా, నోట్లో ఒక మాట కూడా మార్చుకోలేదు. అమ్మ మారుస్తుందని నేను ఆశ పెట్టుకోలేదు. ఏమని చెప్పాలా అని కొత్తగూడెం నుంచి ఖమ్మం దాకా నాలుగు రకాలుగా అనుకున్నాను. వాటిలో రెండు అబద్ధాలు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. అమ్మ మెలకువగానే ఉంది. నా వెనక గుమ్మం వైపు చూసింది, ఎవరూ లేరు.

"రాలేదా?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇప్పపువ్వు, ఆముదం, గోదావరి, పాలు, అన్నీ. ఆమె షరతు కూడా చెప్పాను.

"నన్నేమన్నది?" అంది చివరికి.

"ఎట్లున్నది సీత అన్నది."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "పెండ్లికి ముందు గట్లనే పిలుస్తుండె" అంది. "మా ఇంట్ల, పెరట్ల, కచ్చకాయలు ఆడేటప్పుడు. నేను దాన్ని..." అని ఆగిపోయింది.

నేను పేపర్ల కట్ట బల్ల మీద పెట్టి, కాళ్ళు కడుక్కొచ్చి, ఆమె మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. వాదించడానికి ఇంక నా దగ్గర ఏమీ లేదు. పడుకుందనుకుని లేవబోయాను.

"మస్తాను ఈ వారం చర్ల సంతకు పోతడా?"

"పోతాడు."

"నర్సమ్మను సీత రమ్మన్నదని చెప్పమను."

అంటూనే, అన్నం ముద్ద ఎత్తడానికి కూడా లేవని చేతిని లేపి, అత్త ఎదుట నిలబడ్డ కొత్త కోడలిలా కొంగు నెత్తి మీదికి లాక్కుంది.